రైన్ అవతల పడిన చుక్క

ఎక్కడెక్కడో దూరాన నిలబెట్టిన యాంటెన్నాలతో యూరప్ అంతటా పిడుగులను పట్టే వ్యవస్థ ఒకటుంది. అది చూపించే చోటు ఎంతవరకు నిజమో తేల్చడం బెర్నడెట్ ఇనావెన్ ఉద్యోగం. అందుకు పిడుగు ఎక్కడ, ఏ సెకనులో పడిందో చెప్పే వేరే సాక్ష్యం కావాలి. ఈసారి అది ఆవుల కాపరి ఆల్బీన్ డోరిగ్ దగ్గర ఉంది. జులైలో అతని భార్య మోనికా మేతకొండ మీద పిడుగుపాటుకు చనిపోయింది. అప్పుడామె అతనితోనే ఫోన్లో మాట్లాడుతోంది.

సెప్టెంబరులో, మంద కిందికి దిగడానికి నాలుగు రోజుల ముందు, బెర్నడెట్ అతని పాకకు ఎక్కి వచ్చింది. ఆల్బీన్ రాగి కాగులో జున్నుకు పాలు కలుపుతున్నాడు.

"రా అమ్మాయీ. ఆ మెషీను మీదేనా? దానికంటే మా ఆవు నయం. ఉరిమితే ఇంటికొచ్చేస్తుంది."

"నాది కాదు బాబాయ్. దాని తప్పులు లెక్కపెట్టేదాన్ని."

"అయితే చేతినిండా పనే."

ఆమె నవ్వింది. అతను నవ్వలేదు. ఫోను కంపెనీ ఇచ్చిన కాగితం చూపించాడు. కాల్ తెగింది నాలుగు గంటల పదిహేడు నిమిషాల ఎనిమిది సెకన్లకు.

"సిగ్నల్ పోయిందనుకున్నా. ఇక్కడ రోజూ పోతుంది. అంతలో ఫోన్లో పిడుగులు చూపించే మ్యాపు మీద కొత్త చుక్క పడింది, రైన్ నదికి అవతల. హమ్మయ్య, అక్కడెక్కడో పడిందిలే అనుకుని పాలు కలుపుతూ ఉండిపోయా. ఇరవై నిమిషాలు." గరిటె ఆపలేదు. "వెంటనే గుండె మీద నొక్కి ఉంటే బతికేదేమో అన్నాడు డాక్టరు. నాకొక్కటి చెప్పు. ఆ చుక్క వేరే పిడుగుదే కదా?"

బెర్నడెట్ ల్యాప్‌టాప్ తెరిచింది. ఆ నిమిషంలో ఈ కొండల్లో వ్యవస్థ పట్టింది ఒక్క పిడుగునే. సమయం నాలుగు గంటల పదిహేడు నిమిషాల ఎనిమిది సెకన్లు. చోటు రైన్ అవతల. పది పిడుగుల్లో ఒకటి దానికి దొరకదు. మోనికా మీద పడిందీ అలాగే దొరకలేదని, ఆ చుక్క వేరేదని చెప్పవచ్చు. అతను సరిచూడలేడు.

"ఏమ్మా, నువ్వు కూడా అవతలికే చూపిస్తావా?"

"అదే బాబాయ్. పిన్ని మీద పడిందే. పద్నాలుగు కిలోమీటర్లు తప్పు చూపించింది."

"పద్నాలుగు."

"అంత తప్పు రావొచ్చని మాకు తెలుసు. ఫోన్లో చుక్క పక్కన ఆ మాట ఉండదు."

ఆల్బీన్ గరిటె బయటికి తీశాడు. కాగును మంట మీది నుంచి పక్కకు తిప్పాడు.

"ఆమె పడిన చోటు కొలుచుకోవడానికేగా వచ్చావు. పద."

అతను ముందు నడిచాడు. మాడిన గడ్డి మళ్లీ కొత్తగా మొలిచిన చోట ఆగాడు. ఆమె కొలత తీసుకుంది. అతను వాచీ చూసుకున్నాడు.

"నడిస్తే ఆరు నిమిషాలు," అన్నాడు. "పరిగెత్తితే మూడు."

బెర్నడెట్ ఆ అంకె రాసుకోలేదు.