పిట్ట ముట్టిందట

పోయినవాడిని కాల్చిన చోటనే పిట్టకు పెట్టాలి. అది ఆనవాయితీ. రవీందర్‌ను దహనం చేసింది వాడు సిపాయిగా పోయిన శ్రీలంకలో, జాఫ్నా దగ్గర ఎక్కడో. అందుకే దినాల నాడు కాశిబుగ్గలో, తండ్రి వెంకట్రాజం సారు ఇంటి డాబా మీద విస్తరి వేయాల్సి వచ్చింది.

"కాల్చింది ఆడ, పెట్టేది ఈడ" అంది తల్లి కళావతి పొద్దున్నే. "ఈడి పిట్టలకు మన పిలగాడెట్ల తెలుస్తడు?"

"పిట్టకు సముద్రం అడ్డమా పిల్లా?" అంది మొగిలమ్మ. ఆమె సారుకు అక్క. టెలిగ్రాం వచ్చిన నాడే పరకాల నుంచి వచ్చి, అప్పటినుంచి ఆ ఇంటి పొయ్యి తానే చూసుకుంటోంది. "తల్లి కాడికి రాక వాడింకెక్కడికి వోతడు? నువ్వు జర ధైర్నంగుండు."

మోదుగాకు విస్తరిలో అన్నం, యాట కూర, ఉడికిన గుడ్డు, రవీందర్ సెలవులకు వచ్చినప్పుడల్లా అడిగి చేయించుకునే సర్వపిండి, పక్కన గ్లాసులో చాయ. అన్నీ మొగిలమ్మే పైకి మోసి దిగివచ్చింది. ఇక పిట్ట వచ్చి ముట్టాలి. ముట్టేదాకా ఇంట్లో ఎవరూ మెతుకు నోట పెట్టరు. ముట్టకపోతే పోయినవాడి మనసులో ఏదో ఉండిపోయిందని లెక్క. అది ఏమిటో ఊహించి, తీరుస్తామని మాట ఇవ్వాలి. ఆ మాటకు మనసు దిగితే పిట్ట దిగుతుంది.

వెంకట్రాజం సారుకు ఇందులో నమ్మకం లేదు. కానీ కళావతి ప్రాణం ఇప్పుడు ఆ విస్తరి మీద ఉంది. టెలిగ్రాం వచ్చిన దగ్గర నుంచి ఆమె మంచినీళ్లతో, బలవంతం చేస్తే రెండు ముద్దలతో గడిపింది. నిన్న బావి దగ్గర కూలబడింది. చూసిన డాక్టరు, రేపటికల్లా కడుపులో ఏమైనా పడకపోతే దవాఖానలో వేయాల్సిందేనన్నాడు. "పిట్ట ముట్టినంకనే తింట" అని ఆమె ఒక్క మాటే పట్టుకుంది.

ఎందుకు పట్టుకుందో ఆయనకు మాత్రమే తెలుసు. తెల్లవారుజామున, అక్క లేవకముందు, కళావతి ఆయన వైపు తిరిగి అడిగింది.

"వాడు ఎవరినన్న సంపిండా?"

ఆయన లేచి కూర్చున్నాడు.

"పోయిన కొత్తల ఆడ ఒక ముసలామె కొబ్బరినీళ్లిచ్చిందని రాసిండు సూడు. ఆమెకు గూడ కొడుకులున్నరని రాసిండు. గా కొడుకులు ఏమైన్రు? మనోనికి పాపం అంటితే పిట్ట ముడ్తదా?"

సారు పాతికేళ్లుగా సోషల్ చెబుతున్నాడు. తెలియని సంగతి తెలియదనే చెబుతాడు. "నాకు తెల్వదు కళా" అన్నాడు. ఆమె అటు తిరిగి పడుకుంది.

జూలైలో ఒప్పందం కుదిరినప్పుడు తరగతి గోడకు పటం తగిలించి, చుక్కలా జారిన ఆ దీవిని పిల్లలకు చూపించింది ఆయనే. మన సైన్యం కొట్లాడటానికి కాదు, కొట్లాట ఆపటానికి పోయింది అన్నాడు. పేపర్లో అలాగే ఉంది. టెలిగ్రాంలోనూ అలాగే ఉంది: శాంతి పరిరక్షణ విధుల్లో. ఆ కాగితాన్ని ఆయన ఒక్కసారే చదివి మడిచిపెట్టాడు.

పొద్దెక్కింది. ఇంటి ముందు వేసిన టెంటు కింద జనం కుర్చీల్లో సర్దుకున్నారు. పిట్ట జాడ లేదు.

"దీపావళి పటాకులకు బెదిరినయి" అన్నాడు మూలమీది కిరాణా కొట్టు వీరభద్రం. "వారం కాకపాయె. కాకులన్ని ఊరవతలికి పోయినయి. జర ఓపిక పట్టాలె."

ఓపిక పట్టడానికి మాటలు కావాలి. మాట లంక మీదికి పోయింది.

"పక్కింట్ల ఆలుమొగలు కొట్టుకుంటాన్లని ఇడిపియ్య పోతే, ఇద్దరొక్కటై మననే పట్టుకోని తన్నిన్లట. ఎందుకొచ్చిన పెద్దరికం మనకు?" అన్నాడు వీరభద్రం.

"గట్లంటే ఎట్లనయ్యా?" అన్నాడు రాజేశ్వర్ రావు. ఆయనకు బియ్యం మిల్లు ఉంది. ఈసారి మున్సిపాలిటీకి నిలబడదామని చూస్తున్నాడు. "పెద్ద దేశమన్నంక సుట్టుపక్కల సూసుకోవాలె. డెబ్బై ఒకట్ల బంగ్లాదేశ్‌ల సూడలేదా? పోయినం, కొట్టినం, వచ్చినం."

"గప్పుడు గాళ్లు రమ్మన్నరు రావుసాబ్."

"గిప్పుడు సుత రమ్మన్నరు."

"రమ్మన్నోడొకడు, కొడ్తాంది ఇంకొకడు. గదే నేననేది."

"లంకెంత, దాని కథెంత" అన్నారు వెనక నుంచి ఎవరో. "హన్మంతుడు ఒక్కడే పోయి కాలవెట్టి వచ్చె."

నవ్వు లేచింది. సారు గుమ్మంలో నిలబడి ఉండటం చూసి అణిగింది. వీరభద్రం తల దించుకుని బీడీ నలిపేశాడు.

మనం కొట్టినం, మననే తన్నిన్లు. ఆయన ఆ మాటలే వింటున్నాడు. ఈ వీధి మొత్తం మీద ఆ 'మనం'లో ఉన్నది ఒక్కడే. వాడు ఈ కుర్చీల్లో లేడు.

మొగిలమ్మ మళ్లీ పైకి వెళ్లింది. "అల్లుడా, మీ అమ్మకు నేనున్న. పరకాలకు తోల్కపోయి నా బిడ్డ లెక్క సూసుకుంట. ఫికర్ వెట్టుకోకు. ముట్టు కొడుకా, ముట్టు" అని కొంగు నోట్లో కుక్కుకుంది. కరెంటు తీగ మీద ఒక కాకి వాలింది. కాసేపు అటూ ఇటూ చూసి, రైలు పట్టాల వైపు ఎగిరిపోయింది.

"నేనొక మాట చెప్తనుండుర్రి" అని రాజేశ్వర్ రావు లేచాడు. మెట్ల దగ్గర చెప్పులు విడిచి, పైకెక్కి, వీధి వైపు తిరిగి చేతులు జోడించాడు. "రవీందర్! నువ్వు మా కాశిబుగ్గ పేరు నిలబెట్టినవ్. చౌరస్తల నీ విగ్రహం పెట్టిస్త. ఇది నా మాట" అన్నాడు. అది విస్తరికి వినపడిందో లేదో గాని, చౌరస్తా దాకా వినపడింది.

అప్పటికీ ఏ పిట్టా రాలేదు.

ఎండ నడినెత్తికి వచ్చింది. కళావతి గోడకు చేరగిలి కూర్చుంది. పెదవులు తెల్లగా పగిలి ఉన్నాయి. మొగిలమ్మ తమ్ముడి దగ్గరికి వచ్చింది. "తమ్మీ, ఇగ నువ్వే పో. తండ్రి మాటకన్న దిగుతడేమో."

ఆయన ఒక్కడే పైకెక్కాడు.

అన్నం ఎండి పలుకులు తేలింది. చాయ మీద మీగడ కట్టింది. చీమలు సర్వపిండిని చేరుకున్నాయి. ఏమి మాట ఇవ్వాలి? తన దగ్గర ఇవ్వటానికి మాట ఏదీ లేదు, అడగటానికి ఉన్నాయి. ఆ ముసలమ్మ ఇల్లు ఉందా? నీ చేతిలో ఎవరైనా పోయారా? నీకు ఎవరు ఎదురైనారు, వాడికి ఎన్నేళ్లు? కానీ విస్తరి ముందు ప్రశ్నలు వేయకూడదు. మాట ఇవ్వాలి, అంతే. ఆకాశంలో రెక్క ఆడటం లేదు.

"కళా, కళా, కండ్లు తెరువే" అని కింద అక్క గొంతు వినిపించింది. ఎవరో నీళ్లు, నీళ్లు అంటున్నారు.

వెంకట్రాజం సారు మోకాళ్ల మీద కూర్చున్నాడు. గుడ్డును వేళ్లతో చిదిపాడు. అన్నాన్ని విస్తరి అవతలికి చెదరగొట్టాడు. ఒక కూర ముక్క తీసి పిట్టగోడ అవతల తుమ్మ చెట్లలోకి విసిరాడు. చాయ గ్లాసు పక్కకు ఒరగదోశాడు. మోకాలి మీద చెయ్యి తుడుచుకుని మెట్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ముట్టింది" అన్నాడు.

కళావతి కళ్లు తెరిచింది. ఆయన దిగివచ్చి పక్కన కూర్చునే దాకా ఆయననే చూసింది.

"ఏం పిట్ట?"

"కాకి."

ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో ఆయనకే ఆశ్చర్యం వేసింది. ఒక తారీఖు మీద అనుమానం ఉంటే పుస్తకం తిరగేయకుండా పిల్లలకు చెప్పనివాడు ఆయన.

మొగిలమ్మ ఏడుస్తూనే ముద్ద కలిపి పెట్టింది. కళావతి నోరు తెరిచింది. రెండో ముద్ద మింగిన తర్వాత చెయ్యి చాపి, ఆయన చొక్కా చేతి మడతలో ఇరుక్కున్న మెతుకును తీసి నేల మీద పెట్టింది. మూడో ముద్దకు నోరు తెరిచింది.

బయట రాజేశ్వర్ రావు గొంతు లేచింది. "సూసిన్రా? విగ్రహం అనంగనే ముట్టిందా లేదా? పిలగాని మనసుల గదే ఉన్నది."

పొద్దుగూకేలోపు ఆ మాట కాశిబుగ్గ అంతా తిరిగింది. పిట్ట ముట్టిందట. విగ్రహం కోసమే ఆగిందట. సారు మళ్లీ బడికి పోయిన నాడు ప్రార్థనలో హెడ్మాస్టరు పిల్లలకు ఆ సంగతే చెప్పాడు. దేశం కోసం ప్రాణమిచ్చినందుకు ఆ బిడ్డకు ఏ కొరతా లేదని పిట్టే సాక్ష్యం చెప్పిందన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. సారు ఉపాధ్యాయుల వరుసలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఒక్క మాట చాలు, కాదు అనటానికి. కానీ ఆ మాట తనకంటే ముందే ఇల్లు చేరుతుంది. కళావతి ఆ పొద్దు కూడా తిన్నది.

విగ్రహం సంగతి విన్నాక ఆమె ఒకటే కోరింది. "సేతిల తుపాకి పెట్టద్దని చెప్పు."

ఆయన మిల్లుకు పోయి చెప్పాడు. రాజేశ్వర్ రావు నవ్వాడు. "సిపాయి సేతిల తుపాకి లేకుంటే ఎట్ల సారూ? జనం బస్సు కండక్టరనుకుంటరు." లెక్కలు రాసుకునే గుమాస్తా కూడా నవ్వాడు. సారు నమస్కారం పెట్టి వచ్చేశాడు.

గణతంత్ర దినానికి చౌరస్తాలో దిమ్మె కట్టారు. దాని మీద రవీందర్ పేరూ, దాని కింద రాజేశ్వర్ రావు పేరూ చెక్కిన పలక అతికించారు. విగ్రహం మాత్రం రాలేదు. వచ్చే నెల అన్నారు, ఉగాదికన్నారు, ఎలక్షన్లయ్యాకన్నారు. దిమ్మె మీద సినిమా పోస్టర్లు అంటించారు. కొన్నాళ్లకు కూరగాయల ఆమె దాని మీద తక్కెడ పెట్టుకుంది. అంత ఎత్తు ఆమెకు సరిగ్గా సరిపోయింది.

మరో రెండేళ్లకు సైన్యాన్ని వెనక్కి పిలుస్తున్నారని పేపర్లో వచ్చింది. లోపలి పేజీలో, చిన్న వార్త. సారు కొట్టుకు పోయేసరికి వీరభద్రం ఆ కాగితంలోనే ఎవరికో ఎండుమిరపకాయలు కడుతున్నాడు.

"ఉత్తగనే పోయిన్లు, ఉత్తగనే వస్తాన్లు" అని, తలెత్తి సారును చూశాడు. "మన రవీందర్ సంగతి కాదు సారూ. నేననేది మిగతాళ్ల సంగతి."

"చక్కెర ఇయ్యి వీరభద్రం" అన్నాడు సారు.

ఆ యేడు సంవత్సరీకానికి మొగిలమ్మకు మోకాళ్ల నొప్పులు, రాలేకపోయింది. ఇంకెవరినీ పిలవలేదు. టెంటు లేదు, కుర్చీలు లేవు. కళావతే వండింది. విస్తరి తానే ఎత్తుకుంది.

"నువ్వు రాకు. నేను పెట్టొస్త" అంది.

పొద్దు తిరిగేదాకా ఆమె డాబా మీదే ఉంది. సారు కింద, ఆ రోజు ఆమె కూర్చున్న గోడకే చేరగిలి కూర్చున్నాడు. బళ్లో పిల్లలు ఇంటర్వెల్‌కు అరుస్తున్నారు. రెక్కల చప్పుడు కోసం ఆయన చెవి ఒగ్గాడు. అలా చెవి ఒగ్గుతున్నందుకు తన మీద తనకే కోపం వచ్చింది. ఏ చప్పుడూ లేదు.

కళావతి మెల్లగా మెట్లు దిగి వచ్చింది. ఆమె గోళ్ల సందుల్లో గుడ్డు పచ్చసొన ఉంది.

"ముట్టింది" అంది. "లే, తిందువు."

ఏ పిట్ట అని ఆయన అడగలేదు. లేచి, కాళ్లు కడుక్కుని, కంచం ముందు కూర్చున్నాడు.