మెట్ల కింది అర్ర

మా కొత్తింటి తలుపు తీయగానే నేను కొంగుతో ముక్కు మూసుకునేదాన్ని. తడారని సిమెంటు, కొత్త పెయింటు, వాటి మీద మా ఆయన ఎప్పుడు పడితే అప్పుడు కొట్టే మల్లెపూల స్ప్రే, అన్నిటి కిందినుంచి మెల్లగా లేచే తంబాకు ఘాటు. చూడ్డానికి వచ్చినవాళ్లంతా "అబ్బ, ఇల్లంటె గిట్లుండాలె" అని పోయేవాళ్లు. ముక్కులు ఇంటి దగ్గర పెట్టి వచ్చారేమో అనుకునేదాన్ని.

కోరుట్లలో మా వాడకట్టులో ఇంత అద్దం ఇంకే ఇంటికీ లేదు. ముందు గోడ మీద కిందినుంచి పైదాకా నీలి అద్దాలే. మా ఆయన సంపత్ దుబాయిలో చేసే పని అదే, ఎత్తు బిల్డింగులకు తాళ్ల మీద వేలాడుతూ అద్దాలు బిగించడం. స్లాబు దాకా ఫోన్లోనే చెప్పి కట్టించాడు. పొడుగు సెలవు మీద వచ్చాక ముందు గోడను మాత్రం ఎవరినీ ముట్టనీయకుండా తన చేత్తో తానే బిగించుకున్నాడు. దాన్ని ఎలివేషన్ అంటాడు. దేవుడి పేరు కూడా అంత భక్తిగా అనడు.

అక్కడినుంచి వీడియో కాల్ చేసినప్పుడల్లా ఆయన వెనక అలాంటి అద్దాల మేడలే కనబడేవి. మా అత్త ఎల్లవ్వ ఆ ఫోన్ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, "సూడుండ్రి, నా కొడుకు గా మేడలల్లనే ఉంటడు" అని చూపించేది. మేమూ అలాగే అనుకున్నాం.

ఈ ఇంటి కోసం కూలగొట్టింది మంచి పెంకుటిల్లు. ముందు వసారా, వాకిట్లో జామచెట్టు, వెనక స్నానాల బండ, ఆ నీళ్లు తాగి పెరిగిన అరటిచెట్లు. అత్త వసారాలో కాళ్లు చాపుకుని, చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేసేది. చెట్ల చల్లదనానికి బీడీ ఆకు ఎండేది కాదు. తంబాకు దుమ్ము పెంకుల సందుల్లోంచి ఎటో పోయేది. ఆకులు రాలుతున్నాయని జామచెట్టును, దోమలొస్తాయని అరటిచెట్లను నరికించాడు సంపత్. పిడికెడు మట్టి కనబడకుండా వాకిట్లో బండలు వేయించి, ఈ గోడ నుంచి ఆ గోడకు కట్టించి, చివరికి డాబా మీద ప్లాస్టిక్ గడ్డి పరిచాడు. బతికున్న చెట్టును నరికి, ఎన్నడూ బతకని గడ్డిని కొనుక్కొచ్చే మనిషిని ఏమనాలో నాకైతే తెలియదు. దాని మీద చెప్పులిడిచి నడవమని చుట్టాలను బతిమాలుతుంటే నాకు తల కొట్టేసినట్టుండేది.

మొదటి పెద్దవానకు నీళ్లు ఇంకే చోటు లేక మోరీలోని మురుగు మెట్లెక్కి హాల్లోకి వచ్చింది. మల్లెపూల స్ప్రే అప్పుడు మొదలైంది. మోరీకి మల్లెపూలు కలిస్తే వచ్చే కంపు ఇంతని చెప్పలేను.

ఇక బీడీల గొడవ. ఇల్లు చేరిన కొత్తలోనే సంపత్ మొదలుపెట్టాడు.

"అవ్వా, గీ ఇంట్ల గా చాటేందే? ఇగ ఇడిసిపెట్టు."

"చేతులు ఊకుంటయా కొడుకా? చెయ్యకుంటె కంపెనోళ్లు నా బీడీ కార్డు కట్ చేస్తరు. నా పైస నాకుండద్దా?"

అత్త మానే మనిషి కాదు. అయితే హాల్లో కూర్చుంటే ఫ్యాను, పడకగదిలో కూర్చుంటే ఏసీ. తునికాకుకు ఈ రెండూ పడవు. ఆకును నానబెట్టి, తడిగుడ్డలో చుట్టి, మెత్తగా ఉన్నప్పుడే కత్తిరించి చుట్టాలి. గాలి తగిలిందా, ఎండి పెళుసై చిట్లిపోతుంది. అందుకే మా దిక్కు బీడీలు చేసే ఆడవాళ్లు ఎంత ఉక్కపోసినా ఫ్యాను వేసుకోరు, తలుపు తీయరు. అత్త చాట పట్టుకుని ఇల్లంతా తిరిగింది. చివరికి మెట్ల కింద ఇన్వర్టరు కోసం కట్టిన అర్రలోకి దూరింది. కిటికీ లేదు, వంగి కూర్చోకపోతే పై కప్పు తలకు తగులుతుంది, గోడలకు చెమ్మ. కాసేపటికి మొహం వెలిగిపోతూ బయటికొచ్చింది.

"గిదే నా అర్ర. ఆకు పొద్దుందాక పచ్చిగనే ఉంటది."

సంపత్ కూడా సంతోషించాడు. చుట్టాలొస్తే తలుపు వేస్తే చాలు, చాట కనబడదు. తల్లీకొడుకులు ఇద్దరూ ఇంత తేలిగ్గా ఒప్పుకున్న పని ఇంకోటి లేదు. నాకు మాత్రం ఒళ్లు గగుర్పొడిచింది.

ఎందుకంటే అలాంటి అర్ర నాకు తెలుసు. నేను పుట్టింది సిరిసిల్లలో, బట్ట నేసే మరమగ్గాలు, మా సాంచాలు, నడిచే ఇంట్లో. గాలి తగిలితే నూలు ఎండి తెగుతుందని మా నాన్న కిటికీలు మూసి, సందుల్లో గుడ్డలు కుక్కేవాడు. దూది అన్నంలో పడేది, జడలో చిక్కుకునేది, మేం తుమ్మితే అదే వచ్చేది. ఇప్పుడు మా నాన్న మధ్యలో ఆగకుండా ఒక్క మాట పూర్తి చేయలేడు. నూలు తెగుతుందని మనుషులు ఊపిరి బిగబట్టిన ఇంట్లోంచి వచ్చి, ఆకు ఎండుతుందని ఊపిరి బిగబట్టే ఇంట్లో పడ్డాను. ఆకు మీద, నూలు మీద ఉన్న ప్రేమ సొంత ఊపిరితిత్తుల మీద లేని ఈ మనుషులను చూస్తే జాలి తర్వాత, ముందు అసహ్యం వేస్తుంది.

చలికాలం వచ్చేసరికి అత్తకు దగ్గు పట్టుకుంది. అర్రలోంచి వినబడే ఆ దగ్గు మెట్లెక్కి పైదాకా వచ్చేది. జగిత్యాల తీసుకుపోయాం. డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూసి, అమ్మ ఎక్కడ కూర్చుని పని చేస్తుందని అడిగాడు.

"కొత్తిల్లు కట్టినం సార్. అంత టైల్సే. దుమ్మన్న మాటే ఉండది" అన్నాడు సంపత్.

"మెట్ల కింద సార్. కిటికీ లేని అర్రల, ఇన్వర్టర్ పక్కన" అన్నాను నేను. సంపత్ నన్ను కొరికేసేలా చూశాడు.

"మందులిస్తమ్మా. కని గా గాల్లనే కూసుంటె నా మందులేం చేస్తయి? బీడీలన్న మానిపియ్యుండ్రి, గాలాడే జాగలన్న కూసోవెట్టుండ్రి. లేకుంటె ఇగ పడుకున్నకాడ కూడ దమ్మాడదు" అన్నాడు డాక్టరు.

సంపత్ తిరుగుదారిలో గాలిని శుభ్రం చేసే మిషనొకటి కొన్నాడు. అత్త దాని ముందు ఆకు పెట్టి చూసింది. ఆకు కొసలు ముడుచుకున్నాయి. వైరు పీకి, మిషను మీద తడిగుడ్డ ఆరేసింది.

ఆ తర్వాత మా నాన్నకు బాగాలేదంటే అత్తను కూడా సిరిసిల్లకు తీసుకుపోయాను. కావాలనే తీసుకుపోయాను. నాన్న అరుగు మీద దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. "మంచిగున్నరా... అక్కా" అనడానికి మధ్యలో ఆగి గాలి పీల్చుకున్నాడు. అత్త ఆయన ఎగిరెగిరి పడే డొక్కల్నే చూస్తూ కూర్చుంది. లోపల మా తమ్ముడు సాంచాల గోడకు పైన రంధ్రాలు కొట్టించాడు, కింద పెద్ద కిటికీలు తీయించి వాటికి తడి గోనెపట్టాలు వేలాడదీశాడు. బయట వేపచెట్టు నీడ. లోపలికి వచ్చే గాలి తడిగా, చల్లగా వస్తోంది. నూలు తెగడం లేదు.

"చూసినవా అత్తా? గాలీ అస్తది, ఎండదు కూడ. మన అర్రకు గిట్లనే పెట్టిద్దాం."

అత్త గోనెపట్టాను ముట్టి చూసింది, వేళ్ల తడిని చెంపకు అద్దుకుంది. "మంచిగనే ఉన్నది పిల్లా. కని యాడ పెడ్తవ్? గా అర్రకు బయిటి గోడంటె ముందటిదే. అంత అద్దమేనాయె. నా కొడుకు ఎండల నిలవడి బిగించుకున్నడు. నా దగ్గుకోసం గా అద్దం పలగ్గొడ్తరా?"

ఇంటికొచ్చి సంపత్‌ను అడిగాను. అడిగాననడం తప్పు, మీద పడ్డాను.

"ఎలివేషన్ నడుమల కిటికీకోసం పొక్క పెడ్తవా? నలుగురు నవ్వరా?"

"మీ అవ్వ దగ్గుతుంటె గా నలుగురు ఏం చేస్తున్నరు? చప్పట్లు కొడ్తున్నరా?"

"బీడీలు బంద్ చెయ్యమను. నేనేమన్న చెయ్యమన్ననా?"

వాకిట్లోకి పోయి మెత్తటి గుడ్డతో అద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. లోపల తల్లి దగ్గుతోంది, బయట కొడుకు తన మొహం కనబడేదాకా అద్దం రుద్దుతున్నాడు. ఆ పూట ఆ మనిషి పక్కన కూర్చుని అన్నం తినలేకపోయాను. నాన్న డొక్కలు గుర్తొచ్చాయి. అత్త కూడా అలాగే అరుగు మీద దిండ్లకు ఆనుకునే రోజు వస్తుందని, అప్పటికి ఈయన దుబాయిలో ఇంకెవరి ఇంటికో అద్దాలు బిగిస్తుంటాడని ఏడుపొచ్చింది.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఇన్వర్టరు కూడా మొరాయించింది. అది చూడ్డానికి సంపత్ అర్రలోకి వంగి దూరాడు.

"తలుపెయ్యి కొడుకా, ఆకు ఎండుతది" అంది అత్త లోపలినుంచి.

చిన్నప్పటినుంచీ ఆ మాట విని పెరిగినవాడు కదా, వెంటనే తలుపు వేసేశాడు. నేను హాల్లో కూర్చుని వింటున్నాను. చీకట్లో అత్త దగ్గుతోంది. ఆగుతోంది, మళ్లీ దగ్గుతోంది. ఇన్వర్టరు విప్పుతున్న చప్పుడు కూడా లేదు. ఎంతకూ బయటికి రాకపోతే వెళ్లి తలుపు లాగాను. ఘాటు మొహాన కొట్టింది. సంపత్ గోడకు వీపు ఆనించి, మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. చొక్కా మొత్తం తడిసిపోయింది.

"ఏమైంది?" అన్నాను.

"మా రూము గిట్లనే ఉంటది."

"ఏ రూమురా?" అంది అత్త.

"నేనుండే రూము. దుబాయిల, లేబర్ క్యాంపుల. కిటికీ ఉండది. ఒకల మీద ఒకలం మంచాలు. రాత్రి లైటు తీసేసినంక గిట్లనే ఎవరో ఒకరు దగ్గుతనే ఉంటరు. ఎవరో కూడ తెల్వది."

"మరి గా అద్దాల బంగ్లలు?"

"అవి కట్టేటియి అవ్వా. ఉండేటియి కావు. ఫోన్ చేసేటప్పుడు బయిటికొచ్చి వాటి ముందట నిలవడ్త."

అత్త చాట పక్కకు పెట్టింది. అర్రను ఈ మూల నుంచి ఆ మూలకు, పైకీ కిందికీ, ఎన్నడూ చూడనట్టు చూసింది. ఆకుకు ఎంతో మంచిదని తాను ముచ్చటపడి ఏరుకున్న అర్ర.

"థూ!" అంది. తన దగ్గు మీద ఏనాడూ అంత కోపం రాలేదు ఆమెకు. "నువ్వు గిసొంటి దాంట్ల పండుకుంటివారా? మళ్ల గసొంటిదే తెచ్చి నాకు కట్టిస్తివా?"

అత్త మెట్ల పక్కన మూలకు పడి ఉన్న పాత ఇంటి గడ్డపార ఈడ్చుకుంటూ వాకిట్లోకి నడిచింది. ఆయాసపడుతూ ఆగింది, మళ్లీ నడిచింది. ఎదురింటివాళ్లు గడపలోకి వచ్చారు. ఆమెకు గడ్డపార ఎత్తే బలం లేదు గానీ, అద్దం పగలడానికి బలమెందుకు? నీలి అద్దం జలజలా రాలింది.

"అవ్వా! చెప్పులేసుకోవే! కాళ్లల్ల కుచ్చుకుంటయి!" అని అరుస్తూ సంపత్ బయటికి ఉరికాడు. తన చెప్పులు విడిచి ఆమె కాళ్లకు తొడిగాడు. గడ్డపార అందుకుని, అద్దం వెనక ఉన్న ఇటుకగోడను తానే కొట్టాడు.

ఇప్పుడు మా ఎలివేషన్ నడుమ పెద్ద కిటికీ ఉంది. దానికి తడి గోనెపట్టా, దాని ముందు సంపత్ బండలు పెకలించి నాటిన జామమొక్క. తలుపు తీసే ఉంటుంది. ఆకు ఎండడం లేదు. అత్త దగ్గు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు, పోదని డాక్టరు ముందే చెప్పాడు. మిగతా ఇల్లు ఇంకా కంపు కొడుతూనే ఉంది. ప్లాస్టిక్ గడ్డి మాత్రం చుట్ట చుట్టి చెత్తబండిలో వేశాను, బండివాళ్లు కూడా తీసుకోవడానికి మొహం చిట్లించారు.

సెలవు అయిపోయి సంపత్ వెళ్లిపోయాడు. ఇప్పుడు వీడియో కాల్ రూములోంచే చేస్తున్నాడు. వెనక ఇనుప మంచం, దాని మీద వేలాడే ఎవరిదో తడి లుంగీ కనబడతాయి. అత్త ఆ ఫోన్ ఎవరికీ చూపించదు. తన మొహం కూడా చూపించదు. గోనెపట్టా పక్కకు జరిపి, ఫోన్ కిటికీకి ఆనించి, జామమొక్క వైపు తిప్పి పెడుతుంది.

"జరసేపు గిట్లనే సూడు కొడుకా" అంటుంది. "నీకు జర గాలాడుతది."