ఆపరేషన్ తర్వాత మూడో కత్తి

నాకు కోపం ఎక్కువని ఇంట్లో పేరు. ఎక్కువేం కాదు, ఉండాల్సినంతే ఉంది. నేను కత్తులు రుద్ది నునుపు తేలుస్తాను. నా గదిలో నాలుగు రాళ్లు, నాలుగు బకెట్లు, నాలుగు గుడ్డలు ఉంటాయి. గరుకు రాయి గుడ్డ నీలంది, అన్నిటికన్నా నున్నటి రాయి గుడ్డ తెల్లది. ఒకదాని చోట ఇంకోటి వాడితే ఆ గుడ్డలో ఇరుక్కున్న ఒక్క రేణువు చాలు, అప్పటిదాకా చేసిన పని మట్టికొట్టుకుపోతుంది. మా మరదలు ఒకసారి ఆ గుడ్డలన్నీ కలిపి ఉతికేసింది. రెండు రోజులు దానితో మాట్లాడలేదు. మూడో రోజు మాట్లాడాను. అంతకన్నా మాట్లాడకపోవడమే నయమని వాళ్లాయనతో చెప్పుకుందట.

వాళ్లాయనంటే మా తమ్ముడే. కొలిమి వాడిది, రాళ్లు నావి. వాడు కత్తిని సాగగొట్టి, వీపుకి మందంగా, అంచు దగ్గర పలచగా బంకమట్టి పూసి, ఆరబెట్టి, ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచుతాడు. అంచు ఠక్కున చల్లారి గట్టిపడుతుంది. మట్టి కప్పుకున్న వీపు నిదానంగా చల్లారి మెత్తగా ఉండిపోతుంది. ఆ రెండూ కలిసే చోట మబ్బులా ఒక తెల్లటి గీత ఏర్పడుతుంది. అది కొలిమి దగ్గర కనపడదు. నాలుగు రాళ్ల మీదా రుద్దాకే బయటపడుతుంది.

అంతా బాగానే నడిచింది, వాడి కంటికి శుక్లం తీసేదాకా. ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగింది. చిక్కంతా అక్కడే వచ్చింది. ఇన్నేళ్లూ పసుపు తెర లోంచి నిప్పుని చూసిన మనిషికి ఒక్కసారిగా ఆ తెర పోయింది. "అక్కా, నాకు అలవాటైన నారింజ రంగు రావట్లేదు" అన్నాడు. ఆ రంగు కోసం ఆగితే ఇనుము మితిమీరి కాలిపోయేది. రెండు కత్తులు నీళ్లలో పడగానే టిక్కుమన్నాయి. రెంటికీ అంచు నుంచి పైకి వెంట్రుకంత పగులు. పగిలిన కత్తిని ఏ రాయీ బాగుచెయ్యలేదు.

"మూడోది కూడా పోతే కొలిమి మూసేస్తా" అన్నాడు. ఉత్తుత్తి మాట కూడా కాదు. ఒక గోడౌన్ గేటు దగ్గర కూర్చునే ఉద్యోగం మాట్లాడుకుని మరీ వచ్చాడు. సోమవారం నుంచి రమ్మన్నారట. నలభై ఏళ్లు నిప్పు ముందు నిలబడ్డవాడు లారీల నంబర్లు రాసుకుంటాడట! నాకు ఒళ్లు మండిపోయింది. ఏడుపు కూడా వచ్చింది, అది వేరే సంగతి.

మూడోది టిక్కుమనలేదు. అయినా ఏం నమ్మకం? చప్పుడు చెయ్యకుండా పగిలేవీ ఉంటాయి. శనివారం పొద్దున్నే దాన్ని తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఏదున్నా నువ్వే చెప్పు" అని వెళ్లి బయట మెట్ల మీద కూర్చున్నాడు.

మూడు రాళ్లు దాటేసరికి మధ్యాహ్నమైంది. ఎక్కడా మచ్చ లేదు. నాలుగో రాయి మీద, అంచుకి అడ్డంగా రుద్దడం మొదలుపెట్టాను. కాసేపయ్యాక తుడిచి కిటికీ వెలుగులో పెట్టి చూశాను. తెల్లటి గీత మెల్లగా తేలుతోంది. దాని కిందే, అంచు నుంచి పైకి, సన్నగా, నల్లగా ఇంకో గీత!

కత్తిని అటూ ఇటూ తిప్పి చూశాను. గీత పోలేదు. అప్పుడే మరదలు మంచినీళ్లు పట్టుకొచ్చింది.

"ఏంటి వదినా, అలా ఉన్నావు?"

"ఏం లేదు, పో."

పోతేగా! వంగి చూసింది. అయ్యో అనబోయింది.

"అరిచావంటే చూడు! వాడు బయటే ఉన్నాడు. ముందు కిరసనాయిలు తే, సుద్దముక్క కూడా తే" అన్నాను.

కత్తికి కిరసనాయిలు పట్టించి, వంద లెక్కపెట్టి, శుభ్రంగా తుడిచి, పైన సుద్దపొడి రాశాను. పగులైతే లోపలికి దిగిన నూనె మళ్లీ పైకొచ్చి సుద్ద మీద తడిచార వేస్తుంది. ఇద్దరం సుద్ద మీదకి వంగి కూర్చున్నాం. మరదలు నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇంకొకప్పుడైతే విదిలించేదాన్ని.

తడి రాలేదు. ఎంతసేపు చూసినా సుద్ద తెల్లగానే ఉంది.

సుద్ద కడిగేసి మళ్లీ మూడో రాయి మీద ఓ పాతికసార్లు రుద్దాను. నల్ల గీత ఆనవాలు లేకుండా పోయింది. పగులైతే చచ్చినా పోదు. అంటే అది ఉత్త గీకుడు. ఏ తలమాసినవాడు గీకాడా అని చుట్టూ చూశాను. నా ఒళ్లోనే ఉంది నీలం గుడ్డ. పొద్దుటి నుంచీ గాభరాలో అదే పెట్టుకుని తుడుస్తున్నాను, నున్నటి రాయి దగ్గర కూడా.

జన్మలో ఏ తప్పూ నాకింత సంతోషం ఇవ్వలేదు.

"ఒరే! తప్పు నాదేరా!" అని పెద్ద గొంతేసుకుని బయటికి పరిగెత్తాను. "కత్తి పగల్లేదు, నేనే గీకాను! నీలం గుడ్డతో!"

వాడు లేవలేదు. నా ముఖంలోకి అదోలా చూశాడు.

"నా కోసం చెప్తున్నావు కదా అక్కా? నువ్వు తప్పు ఒప్పుకోవడం నేను పుట్టాక చూడలేదు."

చూశారా! నిజం చెప్పినా నమ్మరు. చెయ్యి పట్టి లోపలికి లాక్కెళ్లాను. వాడే కిరసనాయిలు పట్టించాడు, వాడే సుద్ద రాశాడు, నాకన్నా ఎక్కువసేపు చూశాడు. కడిగేశాక నేను తెల్ల గుడ్డతో తుడుస్తూ నాలుగో రాయి పని ముగించి ఇచ్చాను. వాడు కత్తిని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఆపరేషన్ కంటితో తెల్లటి గీత వెంట ఆ చివర నుంచి ఈ చివరికి వెళ్లాడు. ఎక్కడా తెగలేదు. ఎక్కడా అంచు మీదకి జారలేదు.

"ఈసారి నారింజ కోసం ఆగలేదక్కా" అన్నాడు. "ఇంకా ఎర్రగా ఉండగానే తీసేశాను. భయమేసింది. అయినా తీసేశాను."

"మరి ఆ ముక్క పొద్దున్నే చెప్పి చావొచ్చుగా!" అన్నాను. నాకు అంతకన్నా మంచి మాట దొరకలేదు. కళ్లు తుడుచుకోవడానికి మరదలు తెల్ల గుడ్డ అందుకుంది. ఏమీ అనలేదు నేను.

వాడు జేబులోంచి ఫోన్ తీసి గోడౌన్ వాళ్లకి చేశాడు. వాళ్లేదో అడిగినట్టున్నారు.

"లేదండీ, ఒంట్లో బాగానే ఉంది" అన్నాడు మా తమ్ముడు. "రాలేను. నాకు పనుంది."