పాస్టరమ్మ సాక్ష్యం

పాస్టరుగారి తెల్ల అంగీకి ఆయన భార్య ఇస్త్రీ చేస్తుంటే వెనకనుంచి ఆయన గొంతు వినిపించింది.

"కాలర్ దగ్గర ఇంకోసారి లాగు. ఇవాళ టీవీవాళ్ళొస్తున్నారు. నువ్వు కూడా రెండు ముక్కలు మాట్లాడాలి. ఎలా తట్టుకున్నావో చెప్పు, చాలు."

ఆమె ఇస్త్రీపెట్టె ఇంకోసారి లాగింది.

రెండు రైళ్ళు ఢీకొని ఇవాల్టికి ఏడాది. దేశమంతా జెండాలు సగానికి దించిన రోజది. సెలవులకి ఇంటికొస్తున్న వాళ్ళ ఒక్కగానొక్క కూతురు ముందు బోగీలో ఉంది. శవపేటికని గుడిలోకి తెచ్చిన పూట, కడుపులోంచి తన్నుకొస్తున్న ఏడుపు గొంతుదాకా రాకముందే అత్తగారు మోచెయ్యి పట్టుకుని చెవిలో అంది: "నువ్వే ఇలా అయిపోతే సంఘానికి ధైర్యం ఎవరు చెప్తారు? పాస్టరమ్మవి, గుర్తుంచుకో." ఆమె గుర్తుంచుకుంది. ఆ తర్వాత ఇల్లు సత్రమైపోయింది. అయినవాళ్ళని పోగొట్టుకున్నవాళ్ళు ఎక్కడెక్కడినుంచో ఓదార్పు కోసం వచ్చేవారు. ముందుగదిలో ఆయన ప్రార్థన చేసేవాడు. వంటింట్లో ఆమె టీ పెట్టేది, కప్పులు కడిగేది, మళ్ళీ పెట్టేది. వెళ్తూ వెళ్తూ ఆడవాళ్ళు, "మీరెంత గట్టి మనిషండీ" అనేవారు. ఆదివారం ప్రసంగంలో ఆయన, "మా ఇంటావిడ ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. విశ్వాసమంటే అదీ!" అనేవాడు. వెనక వరసలో కూర్చుని, ఈయన ఎవరి గురించి చెబుతున్నాడా అనుకునేది. ఏడవడానికి తీరికేది? కూతురి గది తలుపు తీయబోతే కాలింగ్ బెల్ మోగేది. దేవుడితో నాలుగు మాటలు మాట్లాడదామని మోకరిస్తే అలాగే నిద్రలోకి జారిపోయేది.

ఆ పూట, పోయినవాళ్ళ కోసం పెట్టిన ప్రార్థనకి ముందు, గుడి వెనక వంటగదిలో ఆమె కప్పులు సర్దుతుంటే గుమ్మంలో ఎవరో సన్నటి మనిషి నిలబడింది.

"లోపల కూర్చోవచ్చాండీ? ముందు తలుపు దగ్గర పెద్దాయన వద్దన్నారు."

"ఎందుకు వద్దంటారు? అందరికీ పెట్టిన ప్రార్థనే కదా."

"నేను సిగ్నల్ దాటేశాడంటున్న ఆ రైలు డ్రైవరు భార్యనండీ."

కప్పు చేతిలోనే ఉండిపోయింది. విచారణ ఇంకా నడుస్తూనే ఉంది గానీ, తప్పు ఆ చచ్చిపోయిన డ్రైవరుదేనని దేశం ఏనాడో తేల్చేసింది. ఆమె కూడా తేల్చేసింది. పైకి ఎవరితోనూ అనలేదు గానీ, అంట్లు తోముతూ ఆ మనిషిని ఎన్నిసార్లు శపించిందో దేవుడికే తెలుసు. ఇప్పుడూ 'పో' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఎందుకొచ్చావు?" అంది.

"ఏడవడానికండీ. ఇంట్లో ఏడిస్తే పక్కవాళ్ళు గోడ బాదుతున్నారు. అంతమందిని చంపినవాడికోసం ఏడుపొకటా అంటారు. ఇక్కడైతే అందరూ ఏడుస్తుంటారు కదా, వాళ్ళలో కలిసిపోవచ్చని..."

ఆమెకి కోపం పోలేదు. ఆ కోపంతోనే, "రా" అని చెయ్యి పట్టుకుంది. గుడిలోకి నడిపించుకెళ్ళి ముందు వరసలో కూర్చోబెట్టి, పక్కనే తనూ కూర్చుంది. అత్తగారు విసురుగా దూరం జరిగింది. గుసగుసలు లేచాయి. పాస్టరుగారు తడబడి, కెమెరా వంక చూసి సర్దుకున్నాడు.

"ఇప్పుడు మా ఇంటావిడ సాక్ష్యం చెబుతుంది."

ఆమె మైకు అందుకుంది.

"ప్రభువు కూడా స్నేహితుడి సమాధి దగ్గర ఏడ్చాడు. కాసేపట్లో అతన్ని బతికించి లేపుతానని తెలిసీ ఏడ్చాడు. ఆయన్ని ఎవరూ తప్పుపట్టలేదు. ఈవిడ రైలు డ్రైవరు భార్య. ఈవిణ్ణీ ఏడవనివ్వలేదు, నన్నూ ఏడవనివ్వలేదు. నేనేమీ తట్టుకోలేదండీ."

ఆయన దగ్గరికొచ్చి, మైకుకి చెయ్యి అడ్డుపెట్టి, "చాలు, అందరూ చూస్తున్నారు" అన్నాడు మెల్లగా.

"చూడనివ్వండి. మీరు కూడా ఏడవలేదు కదా, నాకు తెలుసు."

ఆమె మైకు ఆయన చేతిలో పెట్టి వచ్చి తన చోట కూర్చుంది. మొదట వచ్చింది ఏడుపులా లేదు, దగ్గులా ఉంది. తర్వాత కట్ట తెగింది. కూతుర్ని పిలుస్తూ, ఏ మర్యాదా చూసుకోకుండా, వెక్కి వెక్కి ఏడ్చింది. పక్కావిడ కూడా ఆమె భుజమ్మీద తలపెట్టి ఘొల్లుమంది. వెనక ఎవరో అందుకున్నారు, ఆ వెనక ఇంకెవరో.

ఏడాదిలో ఆమె చేసిన మొదటి ప్రార్థన అది.