జాబితాలో రామాంజులు

పొద్దున ఆరింటికల్లా రామాంజులు ఆ పాత ఇంటి గోడ కింద చేరి, రాలిపడ్డ సిమెంటు పెళ్లలు పారతో ఎత్తేవాడు. కువైట్‌లో బ్నీద్ అల్ గార్ దగ్గర మట్టీ సముద్రపురాయీ కలిపి కట్టిన నూరేళ్ల ఇల్లది. చుట్టూ అద్దాల మేడలు లేచినా, దీన్ని మాత్రం సర్కారు కాపాడుకుంటోంది. ఆ ఇంటికి నచ్చనిది పూస్తే తెల్లారేసరికి కక్కేస్తుంది. నచ్చింది అంటుకుంటే మాత్రం చచ్చినా వదలదు. కాపలాదారు చెప్పొకటి గడపకు అంటుకుని పదేళ్లయింది, ఇప్పటికీ అక్కడే ఉంది.

ఇదంతా తెలిసీ సిమెంటే పూశాడు రామాంజులు. ఏం చేస్తాడు మరి! బేస్తవారం సర్కారు మేడం తనిఖీకి వస్తుంది. అప్పటికి గోడ పూర్తికాకపోతే ఇక్కడ ఉండేందుకిచ్చే ఇఖామా పొడిగించేది లేదు, ఊరికి పంపేస్తానని వాణ్ణి పనికి తెచ్చుకున్న కఫీల్ తేల్చేశాడు. భార్య మునిలక్ష్మి సాల్మియాలో ఓ ఇంట్లో పనిచేస్తోంది. ఆమె ఒప్పందం ఇంకా రెండేళ్లుంది. ఆ రెండేళ్లూ తనూ ఇక్కడే ఉండి, ఇద్దరూ కలిసి రాయచోటికి పోవాలని వాడి ఆశ. ఆ కంగారులో తొందరగా గట్టిపడేదే మేలనిపించింది. బుధవారానికి మూడోసారీ రాలింది.

"రేపే కదన్నా! నాకూ గుండెలో దడ పుడ్తాంది. యల్లా, కానీ! ఏదో ఒగటి చెయ్," అన్నాడు మేస్త్రీ అసిఫ్. వాడిదీ కడప వైపే.

"సిమెంటు ఇంగ నా వల్ల కాదప్పా. మా నాయన పూసినట్ల పూస్తా."

మట్టి తడిపి, గడ్డి కలిపి, ప్యాంటు మోకాళ్లదాకా ఎగగట్టి తొక్కాడు. సాయంత్రం దాకా పూశాడు. ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు.

బేస్తవారం పొద్దుటికి ఒక్క పెళ్లా రాలలేదు. వాడికి ప్రాణం లేచొచ్చింది. మేడం, కఫీల్ చూస్తుండగా చివరి మూల సర్దుతూ తడిమట్టి మీద అరచెయ్యి ఆనించాడు. అంతే, చెయ్యి ఊడి రాలేదు. అసిఫ్ వాడి నడుం పట్టుకుని లాగాడు. ఊహూఁ.

మేడం కళ్లజోడు సర్దుకుని, ఆ ఇంట్లో కాపాడాల్సినవాటి జాబితా తీసింది. తలుపులు ఆరు, కిటికీలు పదకొండు, చెప్పు ఒకటి అన్న వరస కింద ఇంకో పంక్తి రాసింది. కఫీల్ మొహం మాడిపోయింది.

"ఏం రాస్తాందప్పా?" అన్నాడు రామాంజులు.

అసిఫ్ ఆ అరబ్బీ పంక్తి చదివాడు. "నీ పేరే! ఈ ఇంటికి అంటుకున్నది దేన్నీ ఎవరూ తీసెయ్యకూడదంట. కఫీల్ నిన్ను పంపలేడింగ. బతికిపోయినావన్నా!"

మేడం సంతకం పెట్టగానే గోడ చెయ్యి వదిలింది. రామాంజులు ఆ మట్టిచేత్తోనే మునిలక్ష్మికి ఫోన్ చేశాడు. ఆమె సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

"ఇఖామా ఎన్నేండ్లకిచ్చినారు? సరిగ్గా అడుగు," అంది.

అసిఫ్ మేడాన్ని అడిగాడు. ఆమె జవాబు విని వాడి నవ్వు ఆగిపోయింది.

"జాబితాకు గడువుండదంటన్నా," అన్నాడు మెల్లగా. "ఇల్లు నిలిచినన్నాళ్లూ నువ్వు కువైట్ దాటకూడదంట."

"ఏమన్నారు? ఎన్నేండ్లంట?" మునిలక్ష్మి ఫోన్లో అడుగుతూనే ఉంది.

రామాంజులు గడపకంటుకున్న చెప్పుకేసి చూశాడు.

"రెండేనంట," అన్నాడు.