అద్దంలో అత్తగారు

మా కోడలికి నోట్లో నాలుక లేదు. తిట్టడానికి అంటున్న మాట కాదిది, ఉన్నమాట. ఇంట్లో ఆమె వాటా మాటలు కూడా నేనే మాట్లాడతాను.

ఆమె బస్సు డిపోలో బస్సులు కడుగుతుంది. కడిగిన బస్సును షెడ్డులోంచి తీసి వరసలో పెట్టడం కూడా ఆమె పనే. అలా పెట్టీ పెట్టీ చెయ్యి తిరిగిపోయింది. గోడకీ బస్సుకీ మధ్య జానెడు సందు ఉంటే చాలు, అద్దాలు చూసుకుంటూ దూదిపింజలా వెనక్కి తెచ్చేస్తుంది. డ్రైవరు పరీక్షకి వెళ్లమని డిపోలో అందరూ అన్నారు. వెళ్లింది. తప్పింది.

ఆ పరీక్షలో బస్సు నడిపితే చాలదు. ఏం చూస్తున్నామో, ఏం చేస్తున్నామో, చేస్తూనే పైకి చెప్పాలి. డ్రైవరు కళ్లు ఎక్కడున్నాయో పక్కన కూర్చున్న అధికారికి తెలియాలట. డిపో నిండా తలా ఒక భాష కాబట్టి ఆ చెప్పేది ఇంగ్లీషులో చెప్పాలి. మా కోడలు ఊరంతా తిప్పి, ఎక్కడా చిన్న గీత పడకుండా బస్సును తెచ్చి నిలబెట్టింది. నోరు మాత్రం మూగనోము పట్టినట్టు విప్పలేదు. ఆ అధికారి మొహంలో మీసాలు తప్ప ఇంకేమీ కనిపించవు, అందుకే మేం ఆయన్ని మీసాలాయన అంటాం. ఆయన కాగితం మీద అడ్డంగా ఒక గీత గీసి దిగిపోయాడు.

ఇంకొక్క అవకాశం ఇస్తారు. అదీ పోతే ఇక ఎప్పటికీ బకెట్టూ బ్రష్షే. ఆ సాయంత్రం గిన్నెలు తోముతూ, "ఆ సీట్లో కూర్చుంటే నేను వేరే మనిషినైపోతాను అత్తయ్యా. అది నాక్కావాలి" అంది. ఈ ఇంటికొచ్చాక ఆమె నాతో ఒక్క గుక్కలో అన్ని మాటలు అనడం అదే మొదలు.

"నేను నేర్పిస్తాను పద" అన్నాను.

మావాడు రొట్టెల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేస్తాడు. బూట్లు వేసుకుంటున్నవాడల్లా ఆగి, "నీకు ఇంగ్లీషెక్కడిదమ్మా?" అన్నాడు.

"నోర్ముయ్యరా. నువ్వు పుట్టకముందు నుంచీ పెద్ద బట్టల షాపులో లిఫ్టు నడిపినదాన్ని."

గోయింగ్ అప్. గోయింగ్ డౌన్. డోర్స్ ఆర్ క్లోజింగ్. నా ఉద్యోగమంతా అదే. జరుగుతున్న పనిని జరుగుతుండగానే చెప్పడం నాకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? ముందు ఐ యామ్ అంటే ఆ పని మనది. చివర ఇంగ్ తగిలిస్తే ఆ పని నడుస్తోందని. జరగనిదాన్ని మాత్రం జరుగుతోందని చెప్పకూడదు, లిఫ్టు కింద ఉండగా గోయింగ్ డౌన్ అంటే జనం నవ్వుతారు. వ్యాకరణం మొత్తం ఇంతే అని తేల్చేశాను.

మర్నాటి నుంచి మా ఇల్లు ఇల్లులా లేదు. "ఐ యామ్ ఓపెనింగ్ ద ట్యాప్" అనేదాన్ని నేను. "ఐ యామ్ ఓపెనింగ్ ద ట్యాప్" అనేది ఆమె, కుళాయి తిప్పుతూ. ఐ యామ్ కటింగ్, ఐ యామ్ వాషింగ్, ఐ యామ్ ఫోల్డింగ్ ద షర్ట్. వంటగదిలో స్టూలు డ్రైవరు సీటు, మూకుడు మూత స్టీరింగు. మావాడు దుప్పటి కప్పుకుని ముసలివాడిలా మా ముందు నుంచి నడిచేవాడు. "ఎ మ్యాన్ ఈజ్ క్రాసింగ్" అనేదాన్ని. ఆమె అదే మాట అని, కాలు నేలకు అదిమి బ్రేకు వేసేది. పాపం, పగలు నిద్రపోవలసినవాడు. "ఐ యామ్ స్లీపింగ్" అని గదిలోంచి అరిచేవాడు.

"నిద్రపోతున్నవాడు చెప్పడురా. అబద్ధం" అనేదాన్ని.

నాకైతే పూనకం వచ్చినట్టే ఉండేది. కొట్టుకెళితే ఐ యామ్ బైయింగ్ సోప్ అనుకుంటూ నడిచేదాన్ని, ఎదురొచ్చేవాళ్లు పక్కకు తప్పుకునేవారు. తప్పుకుంటే తప్పుకోనీ. మా కోడలు ఒక్క ఇంగ్ కూడా జారవిడవడం లేదు. నేనెంత వేగంగా అంటే అంత వేగంగా అంటోంది. నా శిష్యురాలిని చూసుకుని నేను ఉబ్బితబ్బిబ్బవుతున్నాను.

పరీక్షరోజు రానే వచ్చింది. ఆ డిపోలో ఒక పద్ధతి ఉంది. పరీక్ష బస్సు ఖాళీగా పోకూడదు, మనుషుల బరువుతో నడపడం రావాలి, అందుకని పరీక్షకొచ్చినవాళ్ల చుట్టాలనీ స్నేహితులనీ ఎక్కిస్తారు. షరతు ఒక్కటే. ఇంజను నడుస్తున్నంతసేపూ వాళ్లలో ఎవరైనా డ్రైవరుకి ఒక్క మాట అందించినా పరీక్ష రద్దు. నేనూ మావాడూ డ్రైవరు నెత్తిమీది పెద్ద అద్దంలో కనబడేలా ముందు వరసలో కూర్చున్నాం.

ఇంజను మొదలైంది. మా కోడలు నోరు విప్పలేదు.

మీసాలాయన కాగితం ఒళ్లో పెట్టుకున్నాడు. ఆమె స్టీరింగు గట్టిగా పట్టుకుని అద్దంలోకి చూస్తోంది. నా వైపే చూస్తోంది. నా మాట కోసం చూస్తోంది. అప్పుడు నాకు వెలిగింది. ఇన్నాళ్లూ ముందు నేను, వెనక ఆమె. మా మహాచదువులో ఆమె తనంతట తాను మొదలుపెట్టిన వాక్యం ఒక్కటీ లేదు.

ఐ యామ్ స్టార్టింగ్ అన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చేసింది. రెండు చేతులతో నోరు నొక్కేసుకున్నాను. మావాడు నా మోచెయ్యి పట్టుకున్నాడు. మీసాలాయన పెన్ను మూత తీశాడు. అడగందే అమ్మైనా పెట్టదంటారు, ఇక్కడ అమ్మాయి కళ్లతో అడుగుతుంటే నేను పెట్టలేకపోతున్నాను.

ఆమె పెదవులు కదిలాయి.

"ఐ యామ్ లుకింగ్ ఇన్ ద మిర్రర్" అంది సన్నగా. ఒక్క క్షణం ఆగింది. "మై మదరిన్‌లా ఈజ్ నాట్ టాకింగ్."

బస్సంతా గొల్లుమంది. మా సంగతి తెలిసిన డిపోవాళ్లయితే సీట్లు చరిచారు. మీసాలు కూడా కాస్త కదిలినట్టే అనిపించింది. ఆ వాక్యం నేను నేర్పింది కాదు. నా లిఫ్టులో అలాంటి మాట ఎన్నడూ పుట్టలేదు.

ఇక చూడండి, కట్ట తెగింది. "ఐ యామ్ స్టార్టింగ్. ఎ సైకిల్ ఈజ్ కమింగ్. ఐ యామ్ వెయిటింగ్ ఫర్ ద సైకిల్." మలుపు తిరిగింది, తిరుగుతున్నానంది. వాన మొదలైంది, మొదలవుతోందంది. గాలికి తిరగబడ్డ గొడుగుతో ఒకావిడ పోట్లాడుతుంటే, "ఎ లేడీ ఈజ్ ఫైటింగ్ విత్ హర్ అంబ్రెల్లా" అని వేగం తగ్గించింది. రోడ్డు దాటాలా వద్దా అని తచ్చాడుతున్న కుక్కల్ని చూసి, "టూ డాగ్స్ ఆర్ థింకింగ్. ఐ యామ్ స్టాపింగ్" అంది. ఆపింది కూడా. వసపిట్టలా మాట్లాడుతున్న ఆ మనిషి మా కోడలేనా అని నేను అద్దంలోకి వంగి వంగి చూశాను. ఊరంతా ఆమె నోట్లోనే కదులుతున్నట్టుంది. నాకు ఎగిరి గంతెయ్యాలని ఉంది, కాళ్లు కట్టేసుకుని కూర్చున్నాను.

డిపోలోకి తిరిగొచ్చాం. ఎప్పటిలాగే గోడ పక్కన జానెడు సందులోకి బస్సును వెనక్కి తెస్తూ ఎడమ అద్దం, కుడి అద్దం చెప్పింది. తర్వాత పైఅద్దంలోకి చూసింది.

"మై మదరిన్‌లా ఈజ్ క్రయింగ్" అంది.

కాదని అరవబోయాను. ఇంజను ఇంకా ఆగలేదు కదా, మింగేశాను.

"ఐ యామ్ స్టాపింగ్ ద ఇంజన్."

మీసాలాయన కాగితం మీద సంతకం పెట్టి, సోమవారం వచ్చి డ్రైవరు యూనిఫారం తీసుకోమన్నాడు. బస్సంతా చప్పట్లు. మావాడు నన్ను వదిలేసి ముందుకు పరుగెత్తాడు. ఆమె వాడిని దాటుకుని నా దగ్గరకే వచ్చి పక్కన కూర్చుంది.

"ఇప్పుడు మాట్లాడొచ్చు అత్తయ్యా."

ఎన్ని మాటలు దాచుకున్నానో, ఒక్కటీ పైకి రాలేదు. "ఐ యామ్..." అన్నాను.

"ఐ యామ్ క్రయింగ్" అని ఆమె మెల్లగా అందించింది.

"ఐ యామ్ క్రయింగ్" అన్నాను నేను, ఆమె వెనకాలే.