బీరువా వెనక బల్ల

ఆ పిల్లను ఇంట్లో అందరూ బొంగరం అంటారు. ఏడేళ్లు, రెండో తరగతి. కూర్చోమంటే నిలబడుతుంది, ఒకటి చెబుతుండగానే నాలుగు అడుగుతుంది. డాక్టరమ్మ చూసి, ఇది ఏడీహెచ్‌డీ అనీ, పొగరూ కాదు, పెంపకంలో లోపమూ కాదనీ కాగితం మీద రాసిచ్చింది. బడి తెరిచిన రోజే తల్లి ఆ కాగితాన్ని టీచరు చేతిలో పెట్టింది.

బడంటే చెవి కోసుకునే ఆ పిల్ల, సగం ఏడాది తిరగకుండానే పొద్దున్నే కడుపునొప్పి అనడం మొదలుపెట్టింది.

తల్లి బస్సు డ్రైవరు. డ్యూటీ మధ్యలో దొరికిన అరగంటలో, ఖాకీ చొక్కాతోనే బడికి వెళ్లింది. తరగతిలో ముప్పై తలలు. తన పిల్ల లేదు.

"మా అమ్మాయేదండీ?"

టీచరు చాక్‌పీసుతో మూలకు చూపించింది. పుస్తకాల బీరువా వెనక, గోడవైపు తిప్పిన బల్ల. అక్కణ్ణుంచి బోర్డు కనపడదు, ఎవరి మొహమూ కనపడదు. పిల్ల గోటితో గీకి గీకి గోడ సున్నం అరచేయంత మేర ఊడిపోయింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"రెండు నెలలు. మిగతా పిల్లలు పాడైపోతారు కదమ్మా."

తల్లికి ఒళ్లు మండింది. "కాగితం చదివారా?"

"మాకు సవాలక్ష పనులు..."

"నేను రోజూ అరవై మందిని ఎక్కించుకుంటాను. గోల చేశాడని ఒక్కణ్ణయినా టాపు మీద కూర్చోబెట్టానా?"

బొంగరం పరుగెత్తుకొచ్చి తల్లి చెయ్యి గుంజింది. "టీచర్ని తిట్టకమ్మా! తిడితే నేనంటే అస్సలు ఇష్టముండదు. కదలకుండా కూర్చుంటే ముందుకు రానిస్తానన్నారు. నిన్న చాలాసేపు కూర్చున్నా. ఆవిడ చూడలేదంతే."

తల్లి బీరువా వెనక్కి వెళ్లింది. బల్లను బరబరా ఈడ్చుకొచ్చి మొదటి వరుసలో పడేసింది. ఆ చప్పుడుకి హెడ్‌మిస్ట్రెస్ వచ్చింది.

"ఈ బల్ల మళ్లీ అక్కడికెళ్తే, దాని పక్కన నేనూ కూర్చుంటా. బస్సు ఆగితే ఆగనీ."

హెడ్‌మిస్ట్రెస్ టీచరు వైపు చూసింది. టీచరు తల్లితో "ఏమనుకోకండి" అంది.

"నాకెందుకు? దానికి చెప్పండి."

టీచరు తల దించుకుని "సారీ" అంది. ఆ మాట పూర్తికాకముందే పిల్ల ఆమె నడుం చుట్టూ చేతులు వేసేసింది. "పర్లేదు టీచర్!"

పిల్ల క్షమించేసింది. తల్లి క్షమించదలచుకోలేదు. ఆ ఏడాదంతా, వారానికోసారి, చెప్పకుండా వచ్చి ఆ గుమ్మంలో నిలబడింది.